ఆంటీ కోబా చర్చికెక్కిన మధ్యాహ్నం

జాకోబా ఫోర్టుయిన్ అని అడిగితే దక్షిణాఫ్రికాలోని సైమన్స్‌టౌన్‌లో ఎవరూ చెప్పలేరు. ఆంటీ కోబా అంటే మాత్రం డాక్‌యార్డ్ గేటు కాపలావాడి నుంచి కొండ మీది మసీదు ఇమాము దాకా అందరికీ తెలుసు. నలభై ఏళ్లు నౌకాదళం అధికారుల తెల్లబట్టలు ఉతికిన మనిషి. కొండవాగులో ఉతికి, పొదల మీద ఆరేసి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో మడతలు తీర్చేది. ఎవరూ అడగకపోయినా వాటితోపాటే చర్చి పీఠం మీది గుడ్డలు కూడా ఉతికేది.

ఆ చర్చి డాక్‌యార్డ్ గోడల లోపలే ఉండేది. కింద ఓడ సామాను దాచే కొట్టు, పైన ఒకప్పుడు తెరచాపలు కుట్టిన పొడవాటి గది. ఆ గదినే ఎన్నడో చర్చిగా మార్చారు. ఎక్కాలంటే ముప్ఫయ్యెనిమిది మెట్లు, నిటారుగా, నడుమ ఇరుకైన మలుపు. ప్రతి శనివారం గంజి పెట్టిన గుడ్డల్ని రెండు చేతుల మీద పసిబిడ్డలా పరుచుకుని కోబా ఆ మెట్లెక్కేది.

డెబ్బై దాటాక మోకాళ్లు మొరాయించాయి. రెండేళ్లపాటు ఫాదర్ గ్రిండ్లీ రొట్టె, ద్రాక్షారసం ఇంటికే తెచ్చి ఇచ్చాడు. ఆవిడ దానికే సంతోషపడింది. ఇంతలో ప్రభుత్వం నుంచి కాగితం వచ్చింది. ఊరు ఇక తెల్లవాళ్లది, మిగతా అందరూ ఖాళీ చెయ్యాలి. కోబా వాళ్లకు కొండ అవతల కట్టిన కొత్త ఇళ్లలో ఒకటి కేటాయించారు. గురువారం లారీ వస్తుందన్నారు.

సోమవారం పొద్దున కూతురు లెట్టీ పింగాణీ సామాను పాత పేపర్లలో చుడుతోంది.

"ఒక్కసారి చర్చికెళ్లి రావాలే లెట్టీ," అంది కోబా.

"ఎలా వెళ్తావమ్మా? కుర్చీతో మోద్దామంటే ఆ మలుపులో కుర్చీ తిరగదు. వీపు మీద మోద్దామంటే నువ్వేమైనా చిన్నదానివా?"

"నీ వంట తినే ఇలా అయ్యాను. నన్నంటావేం?"

లెట్టీ నవ్వింది గానీ, తల్లి కోరిక ఆమె మనసులో ఉండిపోయింది. ఆమె డాక్‌యార్డ్ క్యాంటీన్‌లో పనిచేసేది. టీ పోస్తూ పోస్తూ, ఓడలకు తాళ్లు కట్టే ముఠా మేస్త్రీ సాలీ చెవిన వేసింది. సాలీ ముసల్మాను. కుర్రాళ్లందరూ ఆయన్ని బూటా, అంటే అన్నా, అని పిలిచేవాళ్లు. ఆయన ఇంటికీ అలాంటి కాగితమే వచ్చింది.

సాలీ టీ కప్పు కింద పెట్టేశాడు. "మెట్లెందుకు? తెరచాపలు మెట్ల మీద నుంచి ఎక్కించారా ఏంటి? పై గది గోడకు పెద్ద తలుపుంది, దాని పైన దూలముంది, కప్పీ ఇంకా అలాగే ఉంది. నలభై ఏళ్లుగా బరువులెత్తుతున్నా, ఆంటీ కోబాను ఎత్తలేనా?"

"పడిపోతే?"

"పడిపోతే నేను మీ అమ్మకి మొహమెలా చూపించను? పడనివ్వను."

బుధవారం మధ్యాహ్నం భోజనాల వేళ, చక్రాల బండి మీద కోబాను గేటు దాకా తెచ్చారు. నల్ల గౌను, టోపీ, చేతికి తొడుగులు. కాపలాలో ఉన్న తెల్లవాడు రిజిస్టరు తెరిచాడు.

"సాలీ, నా పుస్తకంలో ఏమని రాయను?"

"సామానని రాయండి సార్."

"ఏం సామాను?"

"పాత సామానని రాయి నాయనా, అబద్ధమేం కాదు," అంది కోబా.

అతను నవ్వాపుకుంటూ పుస్తకం మూసేసి, సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు.

ఓడ స్తంభాలకు రంగేసేవాళ్లు కూర్చునే పలక తెచ్చారు. దాని మీద దుప్పటి మడిచి వేసి, ఆవిడ నడుముకు పటకా బిగించారు. ఆరుగురు తాడు పట్టుకున్నారు. సాలీ తాడు ముడులన్నీ రెండుసార్లు లాగి చూశాడు.

"ఆంటీ, కళ్లు మూసుకో."

"ఎందుకు మూసుకోవాలి? మళ్లీ ఎప్పుడు ఎగురుతాను?"

తాడు బిగిసింది. కోబా కాళ్లు నేలను వదిలాయి. కింద ఆరుగురూ ఒకే గొంతుతో లెక్కపెడుతూ లాగుతున్నారు. కొట్టు కప్పుల పైనుంచి ఊరంతా కనిపించింది. మసీదు, చేపల పడవలు, కొండ వాలు మీద తన ఇల్లు, పెరట్లో ఇంకా దండెం మీదే ఉన్న లెట్టీ దుప్పటి. ఈలోగా తలుపు దగ్గర ఫాదర్ గ్రిండ్లీ చేతులు చాచి ఆవిడని లోపలికి లాక్కున్నాడు.

"ముందు బెంచీ మీద కూర్చోండి కోబా," అన్నాడు ఫాదర్.

"ముందు బెంచీ నాకెందుకు ఫాదర్? అబెల్ పక్కన కూర్చున్న బెంచీ ఉందిగా." అబెల్ ఆవిడ భర్త, పోయి పదకొండేళ్లయింది. వెనక నుంచి మూడో బెంచీలో కూర్చుని, బెంచీ చెక్కను అరచేత్తో నిమిరింది. తర్వాత కళ్లు చికిలించి పీఠం వైపు చూసింది. "ఆ గుడ్డ ఎవరు ఇస్త్రీ చేశారు? అంచు చూడండి, కుక్క చెవిలా ఉంది!"

ఫాదర్ మొహం ఎర్రబడింది. చేసింది ఆయనే.

ప్రార్థన పావుగంటలో అయిపోయింది. రొట్టె నాలుక మీద పెట్టుకుని కోబా చాలాసేపు తలెత్తలేదు. తలెత్తేసరికి సాలీ మెట్లెక్కి వచ్చి, టోపీ సర్దుకుంటూ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"లోపలికి రా సాలీ, ఇక్కడెవరూ కరవరు. నీ రుణం నేనెలా తీర్చుకోను?"

"ఏం రుణం ఆంటీ? మా అమ్మ పోయిన రోజు మా ఇంటికి అన్నం పంపింది నువ్వే కదా. మాకు అభ్యంతరం ఉండకూడదని, పందిమాంసం సోకని కొత్త గిన్నె కొని అందులో వండావు. ఆ గిన్నె ఇంకా మా ఇంట్లోనే ఉంది, తిరిగివ్వనే లేదు."

"ఉంచుకో. కొత్త ఇంట్లో అంత గిన్నె పట్టే పొయ్యి లేదట."

మళ్లీ పలక మీదే కిందికి దిగాక, తాడు లాగిన ఆరుగురినీ ఒక్కొక్కరినే పిలిచి, పేరడిగి, తల నిమిరింది. మర్నాడు లారీ వచ్చింది. సాలీ వాళ్లు ఆ తర్వాతి నెలలో ఇంకోవైపు వెళ్లిపోయారు.

కొండ అవతల ఆవిడ ఆరేళ్లు బతికింది. లెట్టీ డాక్‌యార్డ్ నుంచి బస్సులో పీఠం గుడ్డలు తెచ్చేది. కోబా కూర్చునే ఇస్త్రీ చేసి పంపేది. కొత్త పొరుగావిడ ఒకసారి అడిగింది, "ప్రభుత్వం వాళ్లు ఇంత అన్యాయం చేశారు కదా, నీకు కోపం లేదా?"

"ఎందుకు లేదు? ఇల్లు లాక్కున్నవాళ్లను క్షమించానని నేనెవరికీ చెప్పలేదు. కానీ రాత్రి ప్రార్థన మొదలుపెట్టేది సాలీతో, తాడు లాగినవాళ్లతో. ఒక్కొక్కరి పేరు చెప్పి, వాళ్ల పిల్లల్ని కూడా తలుచుకునేసరికి నిద్రొచ్చేస్తుంది. మిగతావాళ్ల దాకా వెళ్లడం కుదరట్లేదు," అని ఇస్త్రీపెట్టె మళ్లీ చేతిలోకి తీసుకుంది.