మామగారు హాజరైన ఆదరణ కూడిక

నలభై ఏళ్ళకు పైగా డైరీ రాస్తున్నాను. వాన పడితే పడిందని రాస్తాను, కూర మాడితే మాడిందని రాస్తాను. జరగనిది మాత్రం ఒక్క వాక్యం కూడా రాయలేదు. చుట్టాల్లో ఏ తగువొచ్చినా చివరికి "ఆయన డైరీ తియ్యండి" అంటారు. మా మామగారు నన్ను గౌరవించడానికీ, ఇరకాటంలో పెట్టడానికీ కూడా ఈ డైరీయే కారణం.

ఆయనది తెనాలి. బడిపంతులుగా రిటైరై ఎన్నేళ్ళయినా, బజారులో తప్పుగా రాసిన బోర్డు కనబడితే లోపలికి వెళ్ళి దిద్దించేదాకా కదిలేవారు కాదు. ఒకసారి బాపట్లలో పాత స్నేహితుడి ఆదరణ కూడికకు వెళ్ళారు. మా క్రైస్తవ కుటుంబాల్లో మనిషి పోయిన కొద్ది రోజులకు బంధువులంతా చేరి, ప్రార్థన చేసుకుని, పోయినవారి జీవిత చరిత్ర చదివి, భోజనాలు చేస్తారు. అక్కడ చదివిన చరిత్రలో పెళ్ళి జరిగిన ఊరు తప్పు, పని చేసిన బడి తప్పు, పిల్లల్లో ఒకరు తక్కువట. ఆ తగ్గిపోయిన కొడుకు ముందు వరసలోనే కూర్చున్నాడట.

తిరిగొచ్చి చెప్పులు విప్పకుండానే నన్ను పిలిచారు.

"అల్లుడుగారూ, నా చరిత్ర మీరే రాయాలి. నేను వినాలి."

"రాస్తానండి. కానీ మీరు వినడమంటే..."

"అందుకే ముందే చదవమంటున్నాను. పెట్టెలోంచి లేచి దిద్దలేను కదండీ!"

నాలుగు పేజీలు రాశాను. ఎర్ర సిరాతో దిద్దారు. ఇంట్లో చదివితే చాలదు, మైకులో ఎలా వినబడుతుందో చూడాలన్నారు. ఆ శనివారం పొద్దున్నే ఇంటి ముందు షామియానా వేయించి, కుర్చీలు తెప్పించారు. టెంటు హౌసు అతను నన్ను పక్కకు పిలిచి, "ఐస్ పెట్టె కూడా దింపమంటారా అండి?" అని మెల్లగా అడిగాడు.

"ఇప్పుడొద్దు నాయనా, అప్పుడు చెప్తాం" అన్నారు మామగారు అరుగు మీద నుంచి.

పూలూ తోరణాలూ లేకుండా వీధిలో షామియానా లేస్తే మా దగ్గర దానికి ఒకటే అర్థం. ఫోన్లలో కబురు ఊళ్ళు దాటింది. తొమ్మిదింటికి పక్కింటివాళ్ళు దండ తెచ్చారు. మామగారు మెడ వంచి వేయించుకున్నారు. బాపట్ల నుంచి ఆయన పాత శిష్యుడొకాయన వచ్చి, షామియానా గుంజ పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. మామగారే వెళ్ళి భుజం తట్టి, "ఊరుకోరా, ఇడ్లీ తిను" అన్నారు. శిష్యుడు వెనక్కి తిరిగి చూసి అక్కడే కూలబడ్డాడు.

నేను చదవడం మొదలుపెట్టాను. "ప్రభువునందు నిద్రించారు" అనే చోటికి రాగానే మామగారు ముందు వరసలోంచి చెయ్యెత్తారు.

"అక్కడ కాస్త ఆగండి. ఏడ్చేవాళ్ళకి టైమివ్వాలి."

సరిగ్గా అప్పుడే ఆటో ఆగింది. రేపల్లె నుంచి ఆయన చెల్లెలు వచ్చారు. బస్సులో దారి పొడుగునా ఏడ్చినట్టున్నారు, కళ్ళు వాచిపోయాయి. "అన్నయ్యా!" అని కేక పెడుతూ లోపలికొచ్చి, మెడలో దండతో ఇడ్లీ తింటున్న అన్నయ్యను చూసి ఆగిపోయారు.

"రావే చెల్లీ, మంచి టైముకొచ్చావ్. నీ పెళ్ళి ఏ సంవత్సరమో అల్లుడుగారికి చెప్పు."

"సిగ్గుందా అన్నయ్యా నీకు? పొయ్యి మీద ఉప్మా వదిలేసి పరుగెత్తుకొచ్చాను. ఇంక నువ్వు నిజంగా పోయినా రాను. ఇంతమంది ముందు చెప్తున్నా!"

అదే ఆటోలో వెళ్ళిపోయారు.

ఆ రోజు డైరీలో "మామగారి ఆదరణ కూడిక జరిగింది. మామగారు హాజరయ్యారు" అని రాశాను. ఎవరెవరు ఏడ్చారో పక్కన కూర్చుని ఆయనే రాయించారు. చెల్లెలి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు.

"అప్పుడు వస్తుందంటారా, అల్లుడుగారూ?"

ఆ తర్వాత రెండేళ్ళూ వారం వారం అదే ప్రశ్న. ఆయన ఫోను చేస్తే ఆవిడ, "ఉన్నావా, పోయావా?" అనేవారు.

"ఉన్నానే."

"అయితే సరే." అంతటితో ఫోను పెట్టేసేవారు.

ఒక మంగళవారం పొద్దున కాఫీ తాగి, పేపర్లో ఒక అచ్చుతప్పు చుట్టూ సున్నా చుట్టి, మామగారు కుర్చీలోనే వెళ్ళిపోయారు. షామియానా కంటే ముందు నేను రేపల్లెకు ఫోను చేశాను.

"పిన్నిగారూ, మావయ్యగారు పోయారండి."

"ఏంటి, ఈసారి కూడా ఇడ్లీయేనా?"

"నిజమండి."

"పోయినసారి మైకులో చదివింది మీరేగా!"

వెంటనే ఆవిడే మళ్ళీ అడిగారు.

"డైరీలో రాశారా?"

రాయలేదు. అప్పటికే పేజీ తెరిచి పెట్టుకున్నాను కానీ పెన్ను కదల్లేదు. ఆవిడను లైనులోనే ఉండమని, "ఈ ఉదయం మామగారు పోయారు" అని రాసి, రాసింది రాసినట్టు చదివాను.

అవతల గ్యాస్ పొయ్యి కట్టేసిన చప్పుడు వినబడింది.

"ముందు వరసలో నాకు కుర్చీ వేయించండి" అన్నారు.