బాకాల్లో హరిబాబు గొంతు

కళింగపట్నం రేవులో మైకు గంగులు అంటే తెలియనివాళ్లు లేరు. పాతికేళ్ల వయసులో తెప్ప కింద పడి ఎడమకాలు నలిగిపోయింది గాని, సముద్రం మీద మమకారం చావలేదు. వేటకు పనికిరానివాణ్ణి ఊరు ఊరికే కూర్చోబెట్టకుండా మత్స్యకార సంఘం గదిలో మైకు సెట్టు అప్పజెప్పింది. పెళ్లి పాటకైనా తుఫాను హెచ్చరికకైనా ఆయనే దిక్కు. నోరు కాస్త పెద్దదే. పాట మార్చమని వచ్చినవాణ్ణి మైకులోనే కడిగేసేవాడు.

ఆయనకు ఇంకో పని కూడా ఉండేది, వైర్‌లెస్ వినడం. సముద్రం మీది పడవల మాటలు పట్టే పెట్టెనొకదాన్ని సంఘం ఎప్పుడో కొన్నది. దానికి వినడమే వచ్చు, పలకడం చేతకాదు. చెడ్డ కబురు వినబడితే గంగులు నోరెత్తకూడదు. కుంటుకుంటూ కులపెద్ద నూకయ్య దగ్గరికి పోయి చెవిలో చెప్పాలి. ఆయన ముందు పడవల్ని పంపి, ఆ తర్వాతే ఆ ఇంటి గడప తొక్కుతాడు. ఇంటి ఆడమనిషి అలాంటి కబురు గాలివాటంగా వినకూడదని ఆ రేవు కట్టుబాటు. అంత నోరున్న గంగులు పదేళ్లలో ఒక్కసారి కూడా ఆ కట్టుబాటు తప్పలేదు. తన బతుకులో గర్వపడేది ఏదైనా ఉంటే అదేనని చెప్పుకునేవాడు.

2015లో సంఘం కంప్యూటర్ పాడైంది. ఆ వైర్‌లెస్ పెట్టేమో కంప్యూటర్‌కు తగిలిస్తేనే పనిచేస్తుంది, అదీ పాత విండోస్ ఎక్స్‌పీ ఉంటేనే. ఆమదాలవలసలో షాపున్న గోపి వచ్చి, కొత్త కంప్యూటర్ లోపలే వర్చువల్ మెషిన్ అని ఒకటి చేసి, అందులో ఎక్స్‌పీ పెట్టి ఇచ్చాడు.

"ఒక కంప్యూటర్లో రెండున్నాయనుకో మావా. పాటలు బయటిదాన్లో, వైర్‌లెస్సు లోపలిదాన్లో. పాటలు ఈ యూఎస్‌బీ సౌండ్ కార్డులోంచి ఆంప్లిఫయర్‌కి పోతాయి. వైర్‌లెస్సు మాట నీ ఇయర్‌ఫోన్స్‌లోకి వస్తాది. ఈ కార్డు మాత్రం పీకకు. పీకి మళ్లీ పెట్టావంటే కంప్యూటరు దీన్నే పెద్దదనుకుంటాది. లోపలిదాని మాట కూడా ఇటే తోలేస్తాది."

గంగులు బుద్ధిగా తలూపాడు.

మరుసటి ఏడు గంగమ్మ పండగ వచ్చింది. ఆ పొద్దున అందరూ పడవలకూ వలలకూ పసుపు రాసి బొట్టు పెడతారు. పడవ లేని గంగులు మైకు సెట్టుకు పెడతాడు. వైర్లన్నీ ఊడదీసి, తుడిచి, బొట్లు పెట్టి మళ్లీ గుచ్చుతాడు. ఆ వరసలోనే సౌండ్ కార్డునూ పీకాడు, బొట్టు పెట్టాడు, గుచ్చాడు. గోపి మాట ఆ క్షణంలో మనసులో మెదలనే లేదు. పాటలు హోరుమన్నాయి. ఇయర్‌ఫోన్స్‌లో చప్పుడు లేకపోయినా, పండగనాడు ఎవరు మాట్లాడతారులే అనుకున్నాడు.

నిజానికి ఒక పడవ సముద్రం మీదే ఉంది. గంగులు చెల్లెలు నీలవేణి మొగుడు హరిబాబు, వేసిన వల ఎత్తుకొచ్చేస్తానని ఇద్దరిని వెంటబెట్టుకుని పొద్దున్నే పోయాడు.

పది గంటలవేళ, పాట అడుగు నుంచి ఒక గొంతు వచ్చింది. వచ్చింది చెవిలోకి కాదు, వీధివీధినా కట్టిన బాకాల్లోంచి.

"ఇంటన్నావా బావా, హరిబాబుని. పడవ పగిలిపోనాది. నీరొచ్చెస్తన్నాది. మేమిప్పుడు..."

చరణం అందుకుంది. దాని కింద ఆ చోటి పేరు మునిగిపోయింది. గంగులు తడబడుతూ పాట ఆపేసరికి "...కి తూరుపున" అన్న ముక్క మాత్రం మిగిలింది.

"దేనికిరా, దేనికి తూరుపున," అని గంగులు ఆ పెట్టెను అడిగాడు.

"నీలవేణికి మాత్రం సెప్పకు బావా," అన్నాయి బాకాలు. "కంగారు పడిపోద్ది."

ఊరు ఊరంతా విన్నది. గంగులు చెయ్యి ఆంప్లిఫయర్ స్విచ్ మీదికి పోయి ఆగిపోయింది. అది ఆపితే తనకూ వినబడదు. హరిబాబు ఆ చోటు మళ్లీ చెబితే? ఎక్స్‌పీని ఆపి మళ్లీ తెరిస్తే దారి మారుతుందేమో గాని, ఐదు నిమిషాలు పడుతుంది. సౌండ్ కార్డులోంచి ఆంప్లిఫయర్ వైరు పీకి అక్కడే ఇయర్‌ఫోన్స్ గుచ్చవచ్చన్న ఆలోచన ఆయనకు మర్నాటికి గాని రాలేదు. అందుకు తనను తాను ఎన్నటికీ క్షమించుకోలేదు పాపం.

నూకయ్య పరుగున వచ్చాడు. "ఏ దిక్కురా?"

"తెల్దు పెద్దయ్యా. పాట మింగేసినాది."

ఆయన రేవుకు పరిగెత్తాడు. పసుపు తడి ఆరని పడవలు సగం ఉత్తరానికీ సగం దక్షిణానికీ పోయాయి.

నీలవేణి వచ్చి గుమ్మంలో నిలబడింది. "మన మాట ఆయనకి పోతాదా అన్నియ్యా?"

"పోదమ్మా. ఇనడమే."

"బావా," అంది హరిబాబు గొంతు, ఈసారి బాగా సన్నగా. "సెప్పనేదు గదా దానికి?"

నీలవేణి వచ్చి పెట్టె ముందు కూలబడింది. "నాకెవులూ సెప్పనేదు," అంది దానితో. "నాకేటీ తెల్దు. నువ్వొచ్చెయ్యి."

ఆ తర్వాత బాకాల్లో గరగర తప్ప మాట లేదు. సాయంత్రానికి పడవలు ఒట్టినే తిరిగొచ్చాయి. ఆ గరగర భరించలేక గంగులు స్విచ్ ఆపబోతే, నీలవేణి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ అన్నియ్యా. నాకు తెలిసిపోనాదని ఆయనకింకా తెల్దు గదా. మళ్లీ అడగతాడు."