వెయ్యి కిలోల పట్టు, పదకొండు సంతకాలు

డిగ్రీ మూడేళ్లలో నేను తప్పింది ఒకే ఒక్క పేపరు. అది కాస్ట్ అకౌంటింగు. అందులోనూ నన్ను ముంచింది పట్టు మీద ఇచ్చిన లెక్క. ధర్మవరంలో మగ్గం చప్పుడు వింటూ పుట్టి, నడక రాకముందే కండెలతో ఆడుకున్నదాన్ని పట్టు లెక్కలో తప్పానంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. ఏకంగా యూనివర్సిటీ మీద యుద్ధానికి బయల్దేరాను. మా నాయన నాకంటే రెండడుగులు ముందే ఉన్నాడు.

నేను చదివింది హిందూపురంలో. మా ఊళ్లో కాలేజీ లేక కాదు. అడ్మిషన్ల రోజు అక్కడి గుమాస్తా నన్ను వెనక్కి పోయి వరుసలో నిలబడమన్నాడు. నేను నిజంగానే వరుస తప్పి ముందుకు దూరాను కాబట్టి ఆయన అన్నది న్యాయమే. అయినా నా కోపం ముక్కు మీదే ఉంటుంది కదా, సర్టిఫికెట్లు లాక్కుని ఇంటికొచ్చేశాను. ఆ ఒక్క పూట కోపానికి మూడేళ్లపాటు రోజూ పొద్దున్నే ప్యాసింజరు బండి ఎక్కాల్సి వచ్చింది. దానివల్ల నాకు జరిగిన మేలు ఒక్కటే. పెనుకొండలో ఎక్కే స్నేహితురాలు దొరికింది.

ఆమె వాళ్ల నాన్న పెనుకొండ బస్టాండు దగ్గర టైలరు. ముస్లిం కుటుంబమే కానీ ఇంట్లో మాట్లాడేదంతా తెలుగే. మాకు పాఠాలూ పరీక్షలూ ఇంగ్లీషులో ఉండేవి. ఆమె మాత్రం ప్రతి లెక్కనూ ముందు తెలుగులో కథలాగా చెప్పుకునేది. ఇంట్లో వాళ్లమ్మ చొక్కాలకు గుండీలు కుడుతూ ఆ కథ వినాలి, మధ్యలో ప్రశ్నలు వేయాలి, అప్పుడు కానీ ఈమె పెన్ను పట్టుకోదు. బడి మొహం చూడని అమ్మకు అర్థమైతే తనకు అర్థమైనట్టే అని ఆమె నమ్మకం. నేను బండిలో అందరూ వినేలా ఎగతాళి చేసేదాన్ని.

"ఇది బీకామా, బుర్రకథా?" అనేదాన్ని.

"నీకు అంతా గబుక్కున అర్థమైపోతుంది లేమ్మా. మాది నిదానం బుర్ర," అని ఊరుకునేది. ఆమెకు కోపం తెప్పించాలని మూడేళ్లు ప్రయత్నించి ఓడిపోయాను.

ఆ సెమిస్టరులో ప్రాసెస్ కాస్టింగు అనే పాఠం ఉంది. పెద్ద విద్యేం కాదు. ఏ సరుకైనా ఒక పనిలోకి పోయి బయటికొచ్చేటప్పుడు కొంత తరుగు పోతుంది. మామూలుగా పోవాల్సిన తరుగు నార్మల్ లాస్. అంతకు మించి పోతే అబ్‌నార్మల్ లాస్. పోవాల్సినంత పోకుండా సరుకు ఎక్కువ మిగిలితే అబ్‌నార్మల్ గెయిన్. ఈ మూడూ మా వీధిలో పుట్టినవాళ్లకు ఒకరు చెప్పాలా?

పరీక్షలో ఆ పాఠం నుంచి పట్టు లెక్కే వచ్చింది. పట్టు అన్న మాట చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. వెయ్యి కిలోల పట్టు రంగుల విభాగంలోకి పోయింది, మామూలు తరుగు వందకు ఐదు, చివరికి చేతికొచ్చింది తొమ్మిది వందల నలభై కిలోలు. చదివాక ఒళ్లు మండింది. వందకు ఐదా? ముడి పట్టును సబ్బు నీళ్లలో ఉడకబెడితే దాని జిగురంతా పోయి, కిలోకు ముప్పావు కిలో మిగులుతుంది. మా వీధిలో ఉడకబెట్టడమూ రంగు వేయడమూ ఒకే చోట, ఒకే పొద్దులో జరిగిపోతాయి. పట్టు రంగుకిచ్చాం అంటే మాకు ఆ రెండూ కలిపే. కాబట్టి అచ్చులో ఇరవై ఐదులోంచి రెండు అంకె ఎగిరిపోయి ఐదు మిగిలిందని తీర్మానించేశాను. పెద్ద మనసు చేసుకుని ఆ తప్పును నేనే దిద్దాను.

ఇరవై ఐదు లెక్కన రావాల్సింది ఏడు వందల యాభై కిలోలు. వచ్చింది తొమ్మిది వందల నలభై. అంటే నూట తొంభై కిలోల పట్టు ఆకాశం నుంచి ఊడిపడింది. బుద్ధున్నవాళ్లెవరైనా అక్కడ ఆగి ప్రశ్న మళ్లీ చదువుతారు. నేను ఆగలేదు. అబ్‌నార్మల్ గెయిన్ అని రాసి, కింద ఇంగ్లీషులో ఒక గమనిక కూడా పెట్టాను. ప్రశ్నలో అంకె తప్పు పడింది, ఒకవేళ తప్పు కాకపోతే ఈ కంపెనీ పట్టు బరువు పెంచడానికి ఏదో కలుపుతోంది, విచారణ జరిపించాలి అని దాని సారాంశం.

తిరుగు బండిలో ఈ ఘనకార్యం చెబితే నా స్నేహితురాలు నోరు తెరిచింది.

"మే, నువ్వు పోయింది పరీక్ష రాసేదానికా, దిద్దేదానికా?"

ఇంట్లో మాత్రం నాకు రావాల్సిన గౌరవం వచ్చింది. నాయన మగ్గం ఆపి మరీ విన్నాడు. "వందకు ఐదా? ఆ ప్రశ్న రాసినోల్లు పట్టు ఉడకబెట్టేది ఎప్పుడన్నా కండ్లతో చూసినారా?" అన్నాడు. సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది, ఫలానాయన కూతురు యూనివర్సిటీ తప్పు పట్టుకుందని. నాయన ఏనాడూ నలుగురిలో గొంతెత్తి మాట్లాడే మనిషి కాడు. ఆ వారం మాత్రం టీ కొట్టు దగ్గర రోజూ ఆ కథ చెప్పాడు. వింటూ నేను పొంగిపోయాను.

రిజల్టు వచ్చింది. పాసుకు నాలుగు మార్కులు తక్కువ. మా లెక్చరరు గారి దగ్గరికి పోయి కంపెనీ మోసం గురించి వివరించబోతే, ఆయన నా వంక జాలిగా చూసి, "పరీక్షలో ఏమిస్తే అదే నిజమనుకోవాలమ్మా. హాల్లో మీ నాయన మగ్గం ఉండదు," అన్నారు. ఆ మాటతో నా కోపం ఇంకా పెరిగింది.

మామూలుగా అయితే ఒక పేపరు తప్పడం పెద్ద విషయం కాదు. కానీ అప్పటికి నేను చదువులో భాగంగా హిందూపురంలో ఒక ఆడిటరు గారి ఆఫీసులో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. నా పని ఆయనకు నచ్చింది. "అన్ని పేపర్లూ పాసై జులై లోపల రా. ఉద్యోగం నీది. ఆలస్యమైతే ఇంకొకరిని తీసుకుంటాను," అన్నారు. కిటికీ పక్కన కుర్చీ, ఒక కంప్యూటరు, నెల జీతం. ఆ కుర్చీ నాకు కావాలి. అంత గట్టిగా నేను అంతకుముందు ఏదీ కోరుకోలేదు.

జులై లోపల పాసవ్వాలంటే దారి ఒక్కటే, సప్లిమెంటరీ రాయడం. దానికి ఫీజు కట్టడానికి సోమవారం ఆఖరు. రీవాల్యుయేషన్ పెడితే ఎప్పటికి తేలుతుందో ఎవరికీ తెలియదు. నాయన మాత్రం సప్లిమెంటరీ మాటెత్తితే ఒప్పుకోలేదు.

"తప్పు వాల్లదైతే మనం యాల మల్లా రాయల్ల? రాస్తే తప్పు మనదని ఒప్పుకున్నట్టే గదా పాపా," అన్నాడు. అలా అనడమే కాదు, ఒక అర్జీ తయారు చేయించాడు. రాసింది నేనే, నా సొంత దస్తూరీతో. 'అయ్యా, మేము ధర్మవరం వాసులము. ఏళ్ల తరబడి పట్టు ఉడకబెట్టి రంగులు వేసేవాళ్లము, చీరలు నేసేవాళ్లము. కిలో ముడి పట్టు ఉడికిస్తే ముప్పావు కిలోకు మించి రాదని దేవుడి సాక్షిగా చెబుతున్నాము. మా అమ్మాయికి రావాల్సిన మార్కులు ఇప్పించ ప్రార్థన.' కింద పదకొండు మంది సంతకాలు పెట్టారు. అందులో రెండు వేలిముద్రలు. ఒకాయన తన ఫోన్ నంబరు కూడా వేశాడు, యూనివర్సిటీవాళ్లకు అనుమానమొస్తే అడుగుతారని. మా వీధిలో అందరికంటే పెద్దవాడు, రంగుల పనిచేసే తాత, వణికే చేత్తో తన పేరంతా పూర్తిగా రాశాడు.

శనివారం పొద్దున ఆ అర్జీ బ్యాగులో పెట్టుకుని బండెక్కాను. దాని మీద లెక్చరరు గారి సంతకం కూడా తీసుకోవాలని నా ఎత్తు. పెనుకొండలో ఎక్కిన నా స్నేహితురాలు దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివింది. వేలిముద్రలు చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక, "ప్రశ్న పేపరు ఉండాదా?" అంది. ఉంది, అర్జీకి జత చేసి పెట్టాను.

"చెప్పు. మా అమ్మకు చెప్పినట్టు చెప్పు."

నాకు చిరాకేసింది. అయినా మొదలుపెట్టాను. "ఒక కంపెనీ ఉండాది. దాంట్లో రంగులేసే విభాగం ఉండాది. ఆడికి వెయ్యి కిలోల పట్టు వచ్చింది."

"పట్టు అని ఊరికే అన్నారా? దాని ముందర ఏందో ఉండాదే. అది వదిలిపెట్టి చెప్తాండావు."

చూశాను. మళ్లీ చూశాను. ఉడికించి జిగురు తీసిన పట్టు, అని స్పష్టంగా ఉంది. ముందరి విభాగంలో ఉడికించి పంపారు. ఆ సరుకు తూకమే వెయ్యి కిలోలు. ఇక రంగులో పోయే తరుగు వందకు ఐదంటే అందులో తప్పు పట్టడానికి ఏముంది? పట్టు అన్న మాట దగ్గరే నేను చదవడం మానేశాను. మిగతాదంతా మా వీధిలోంచి తెచ్చి నింపుకున్నాను. దొంగ సరుకని కేసు పెట్టిన ఆ నూట తొంభై కిలోలు నా బుర్రలోంచి వచ్చినవే.

నా స్నేహితురాలు అప్పుడు నవ్వలేదు. అర్జీ మడిచి నా చేతిలో పెట్టి, "ఇంట్లో చెప్పు. సోమారం లోపల ఫీజు కట్టల్ల," అంది.

సాయంత్రం ధర్మవరంలో దిగేసరికి రెండు భయాలు పట్టుకున్నాయి. ఉద్యోగం పోతుందన్న భయం ఒక పక్క. అంతకంటే పెద్ద భయం నాయన ముఖం. చెప్పకపోతే ఆయన ఫీజు కట్టనివ్వడు, చెబితే టీ కొట్టు దగ్గర ఆయన పరువేం కావాలి? నాయన ఒక్కడే ఉన్నప్పుడు మెల్లగా చెబుదామనుకుని ఇంటికి పోతే, ఆయన రంగుల తాత దగ్గరికి పోయాడంది అమ్మ. అక్కడికి పోతే సంతకాలు పెట్టినవాళ్లలో సగం మంది అక్కడే ఉన్నారు. యూనివర్సిటీకి నాయన వెంట ఎవరెవరు పోవాలో మాట్లాడుకుంటున్నారు. దండేల మీద ఎర్ర పట్టు దారం చిలపలు ఆరుతున్నాయి.

ఇంక ఆగితే నోరు రాదని అందరి ముందే చెప్పేశాను. "నాయనా, ఎవురూ యాడికీ పోవద్దు. తప్పు నాది. వాల్లు ఇచ్చింది ఉడికిన పట్టే. నేనే సరిగ్గా చదవలేదు."

నాయన ముఖం వైపు చూసే ధైర్యం నాకు లేదు. ముందు తాతే అందుకున్నాడు.

"రంగుల విభాగం అంటివి గదమ్మా. ఉడికిందే అయ్యుంటుందని నేను ఆపొద్దే అనుకుంటి. మా పనిలో మొదట అడిగేది అదే గదా, ముడిదా, ఉడికిందా అని."

"నేనూ అనుకుంటి," అన్నాడు ఫోన్ నంబరు వేసినాయన, నేల చూస్తూ.

నాయన తాత వైపు తిరిగాడు. "మరి సంతకం యాల పెడితివి మామా?"

"ఏమప్పా, ముప్పై ఏండ్లాయ నువ్వు ఈ వీధిలో వంచిన తల ఎత్తకుండా నేస్తాండావు. మొట్టమొదటి తూరి తలెత్తుకొని వచ్చి, నా కూతురు, అంటివి. అడ్డం చెప్పేదానికి నాకు నోరు రాలా."

నేను అక్కడే నిలబడి ఏడ్చాను. పరీక్ష తప్పినప్పుడు కూడా అంత ఏడవలేదు. నాయనా నేనూ ఇంటికి బయల్దేరాం. దారిలో సగం దూరం వచ్చాక, "ఆ ఫీజు ఎంతంట?" అన్నాడు. చెప్పాను. ఇంకొంత దూరం నడిచాక మళ్లీ మాట్లాడాడు. "నీది తప్పని తెలిసి గూడా సంతకాలు పెట్టినారు పాపా. ఈ తూరి పాసు గాకుంటే వాల్లకు మొగం యట్ల చూపించేది?"

సోమవారం ఫీజు కట్టాను. పరీక్ష దాకా రోజూ బండిలో నా స్నేహితురాలికి లెక్కలన్నీ కథలు చేసి చెప్పాను. పక్క సీట్లవాళ్లు కూడా విని, ఆ కంపెనీకి చివరికి లాభమొచ్చిందా లేదా అని దిగబోతూ అడిగేవాళ్లు. హాల్లో ప్రతి ప్రశ్నా తెలుగులో గొణుక్కుంటూ మూడుసార్లు చదువుతుంటే, పెదాలు కదపొద్దని ఇన్విజిలేటరు రెండుసార్లు గదమాయించారు. నాకు కోపం రాలేదు. నేనే ఆశ్చర్యపోయాను.

పాసయ్యాను. జులై రాకముందే కిటికీ పక్కన ఆ కుర్చీలో కూర్చున్నాను. అయితే దానికంటే ముందు, రిజల్టు వచ్చిన సాయంత్రం, నాయన శుభ్రమైన చొక్కా వేసుకుని నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. పదకొండు ఇళ్లూ తిరిగాం. ప్రతి గడప ముందూ నిలబడి, లోపలివాళ్లు బయటికి వచ్చేదాకా ఆగి, తలెత్తి ఒకటే మాట చెప్పాడు.

"నా కూతురు పాసయ్యింది. ఈ తూరి మీ సంతకం అక్కర్లేదు."