బస్సు ఆగని బజారుకు ఇంటి పన్ను

నా చిన్నప్పుడు నేను చేసిన తెలివితక్కువ పనుల్లో చాలావాటికి నష్టపోయింది నేనే. ఒక్కదానికి మాత్రం మా బజారంతా నష్టపోబోయింది. ఇంటి ధర పడిపోతే పన్ను కూడా దాని వెంటే మెట్లు దిగి వస్తుందని అనుకునేవాణ్ణి. పన్నుకు ఎక్కడానికే గాని దిగడానికి కాళ్లుండవని, మనమే పోయి దింపుకోవాలని నాకు తెలియదు.

మా ఊరు దంతాలపల్లి దగ్గర. ఒకప్పుడు బస్సులన్నీ మా బజారులోంచే పోయేవి. పక్కింటి అక్క తన ఇంటి ముందర్రలో, ఆ ఒక్క గదిలోనే, చిన్న హోటల్ నడిపేది. ఊరి బయట కొత్త రోడ్డు పడ్డాక బస్సులు అటు మళ్లాయి. ఏడాది తిరిగేసరికి మా బజారులో ఇల్లు అమ్ముతానంటే అడిగే దిక్కు లేకపోయింది. హోటల్ మూసేసిన అక్క తన పెద్ద ఇత్తడి గంగాళం ఎత్తుకొని పెండ్లిండ్లకు వంట చేయడానికి పోయేది. మా నాన్నను బాపు అంటాం; ముందుచూపున్న మనిషి. కొత్త రోడ్డు పక్కన రెండు మడిగెలు కట్టి దుకాణాలకు కిరాయికిచ్చాడు.

ఇళ్ల విలువ మళ్లీ కట్టడానికి పంచాయతీ గుమాస్తా టేపు పట్టుకొని వచ్చిన రోజు పెద్దలంతా పొలాల్లో ఉన్నారు. అరుగు మీద నేనొక్కణ్ణే ఉన్నాను. ఆయన కాటారం నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చినవాడు. అక్క ఇంటి మీది హోటల్ బోర్డు చూసి, నడుస్తుందా అని నన్నడిగాడు. మా దిక్కు ఒక మర్యాద ఉంది. ఎవరైనా తిన్నారా అని అడిగితే, పొయ్యి ముట్టించకపోయినా తిన్నామనే అంటాం. పరాయివాడి ముందు ఇంటి లోటు బయటపెట్టం. ఆ మర్యాదను నేను పన్నుకు కూడా వడ్డించాను.

“మస్తు నడుస్తది సారూ. కూసునేతందుకు జాగ దొరకది. గీ బజార్ల ఇల్లు దొరకాలంటే రాసి పెట్టుండాలె” అన్నాను. రాసి పెట్టుకున్నది ఆయన.

కొన్నాళ్లకు పంచాయతీ గోడకు కాగితం అంటించారు. మా బజారు ఇళ్లకు పాత విలువలే ఉన్నాయి. అభ్యంతరాలుంటే గ్రామసభలో చెప్పుకోవాలట. పాత బాకీ ఉన్నవాళ్లు కట్టకపోతే సామాను జప్తు చేస్తామని చాటింపు కూడా వేశారు. ఆ సాయంత్రం, పన్ను బాకీ ఉన్న అక్క మా బాపమ్మ, అంటే బాపు తల్లి, దగ్గర కూర్చొని, “గంగాళం పోతే నా చేతులు ఇరిగినట్టే అవ్వా” అంది. ఆమె ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది. అక్క వెళ్లాక జరిగిందంతా బాపమ్మకు చెప్పేశాను. ఆమె కొట్టలేదు. “ఉన్నట్టు చెప్పినవ్ గద. ఇగ లేనట్టు చెప్పి వద్దాం పా” అని మాత్రం అంది.

సభలో లేచి, నేను చెప్పింది అబద్ధమని ఒప్పుకున్నాను. అందరూ నవ్వారు. గుమాస్తా నవ్వలేదు. విలువ దించమని అడిగిన బాపమ్మతో, “అవ్వా, మీ బజారంతటికీ తగ్గిస్తే ఊరి దీపాలు, నీళ్లు ఎట్ల నడవాలె? గప్పుడు పన్ను రేటే పెంచాలె. తిరిగి తిరిగి మీ నెత్తి మీదికే వస్తది” అన్నాడు. ఆ మాటతో సభ చల్లబడింది. అక్క తల దించుకుంది.

బాపమ్మ నింపాదిగా అంది: “గంప బరువు తగ్గదని నాకెరుకే బిడ్డా. ఎత్తుకున్నోడు బక్కపడ్డడు. బలిసినోడు ఎవడో సూడవైతివి. కొత్త రోడ్డు మీద మా కొడుకు మడిగెలున్నయ్. నీ బుక్కుల ఆ జాగ ఇంకా ఖాళీగ పడావు పడ్డట్టే ఉన్నది. ముందుగాల ఆ మడిగెలు రాస్కో.”

ముందు బెంచీ మీద కూర్చున్న బాపు ముఖం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. ఇంటికి పోయి మాట్లాడుకుందామని ఆయన గొణిగాడు. ఇది ఇంటి ముచ్చట కాదని బాపమ్మ అక్కడే తేల్చేసింది. సొంత కొడుకు మడిగెలనే రాయించిన మనిషి ముందు కొత్త రోడ్డు ఆసాములు ఎంతసేపు ఊరుకోగలరు? ఒకరి తర్వాత ఒకరు లేచి తమ కట్టడాలు చెప్పుకున్నారు. మా బజారు విలువ దిగింది. రేటు పెరగలేదు. అక్కకు బాకీ కట్టడానికి గడువు దొరికింది, గంగాళం ఇంట్లోనే ఉండిపోయింది. సంతకం రాక వేలిముద్ర వేసే మా బాపమ్మ, ఆ లావుపాటి పుస్తకంలో లేని ఊరినంతా ఎలా చదివిందో అని నోరు తెరుచుకొని చూశాను. ఆ నోరు ఇప్పటికీ పూర్తిగా మూతపడలేదు.

బాపు తన తల్లిని ఒక్క మాట అనలేదు. ఆ కోపానికి వారసుణ్ణి నేనయ్యాను. ఏటా మడిగెల పన్ను కట్టడానికి, ఎండైనా వానైనా, వరుసలో నన్నే నిలబెట్టాడు.

ఇప్పుడు మహబూబాబాద్‌లో ఉంటున్నాను. ఇంటి ధర పడిందని, పన్ను తగ్గించమని అర్జీ రాసిపెట్టమంటూ వాడకట్టువాళ్లు వస్తుంటారు. రాసిస్తాను. మీరు దించిన బరువు ఎవరి నెత్తికెత్తాలో కూడా చెప్పమని అడుగుతాను. రెండోసారి ఎవరూ రారు.

బాపు ఎనభై దాటాక, ఆ మడిగెల మీద చప్పుడు చేయకుండా ఒక అర్ర వేయించాడు. నేను అంతకన్నా చప్పుడు లేకుండా పంచాయతీకి పోయి, దాన్ని రాయించి, పెరిగిన పన్ను రసీదు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. కళ్లద్దాలు తుడుచుకొని రెండుసార్లు చదివాడు. తిట్టు కోసం తయారుగా నిలబడ్డాను.

“మెట్ల కింది అర్ర రాయించుడు ఇడిసిపెట్టినవ్ గదరా” అన్నాడు.