డోరు పడని కారు

సకల జనుల సమ్మె జరిగిన వానాకాలంలో కోరుట్లలోని మా ఇంటి వాకిట్లో ఒక కారు నాలుగు ఇనుప స్టాండ్ల మీద నిలబడి ఉండేది. అది మా తమ్ముడిది. షార్జాలో పందెం కార్లు తయారుచేసే ఒక గ్యారేజీలో వాడు చాలా ఏళ్లు పనిచేశాడు. ఆ ఏడు సెలవు మీద వచ్చి కరీంనగర్‌లో ఒక పాత కారు కొన్నాడు. సిరిసిల్లలో మా బాపు, అంటే మా నాన్న, ఉండేది చుట్టూ సాంచెలు నడిచే సందులో, రెండు గదుల కిరాయి ఇంట్లో. సాంచెలంటే మరమగ్గాలు. బాపు బతుకంతా వాటి మీదే గడిచింది. ఆ సందులో సైకిల్ పెట్టడానికే చోటుండదు. అందుకే తమ్ముడు కారును తిన్నగా మా ఇంటికి తోలుకొచ్చాడు.

"అక్కా, చలికాలంల హైదరాబాద్ దిక్కు మట్టి రోడ్డు మీద కార్ల పందెం ఉంటది. దాంట్ల దించుత దీన్ని," అన్నాడు.

"గెలుస్తవారా?"

"గెలుసుడు గాదక్కా. మంచిగ తిరిగితె సాలు. ఎవలు జేసిన్రని అడుగుతరు. కోరుట్లల నేనే జేసిన అంట. పని మొదలైతది. గీన్నే ఒక షెడ్డు ఏసుకుంట, మల్ల షార్జా పోను."

ఆ చివరి మాట కోసమే నేను వాకిలి ఇచ్చాను. తులసి కుండీని, నీళ్ల డ్రమ్మును పక్కకు జరిపించాను.

పని ఏమిటో వాడు నాకు అర్థమయ్యేలా చెప్పాడు. కొత్త చెప్పులు వచ్చిన అట్టపెట్టె మూత తీసేసి నా చేతికిచ్చి మెలిపెట్టమన్నాడు. పెట్టె సులువుగా మెలి తిరిగింది. తర్వాత దాని నోటికి అడ్డంగా ఒక అట్టముక్క అతికించి మళ్లీ తిప్పమన్నాడు. ఈసారి తిరగలేదు. "కారు గూడ గంతే. రేకు పలుసగుంటది. జోరుగ మలిపితె బాడీ మొత్తం మెలి తిరుగుతది, టైర్లు నేలను పట్టయి. ముంగట రెండు షాకప్‌ల నడుమ ఒక పైపు, కింద మూడు మూలలుగ ఇంకొన్ని పైపులు ఏస్తె గట్టిపడతది," అన్నాడు. ఏ బండికి ఆ కొలతలే కాబట్టి అవి దుకాణంలో దొరకవట. ఇంట్లో చేసుకోవలసిందే.

నేను సర్కారు బడిలో టీచర్ని. మా ఆయన జగిత్యాలలో ఒక ఆఫీసులో గుమాస్తా. సమ్మె మొదలైన రోజు నుంచి ఇద్దరం పనికి పోలేదు. పొద్దున చౌరస్తాలో టెంటు కింద కూర్చునేవాళ్లం, ఒక్కోరోజు రోడ్డు మీదే వండుకుని తినేవాళ్లం. తెలంగాణ వస్తుందని నమ్మాం. తమ్ముడూ నమ్మాడు. సాయంత్రం నేను ఇంటికి రాగానే "ఇయ్యాల ఏమైందక్కా?" అని కారు కింద నుంచే అడిగేవాడు.

పైపుల కోసం వాడు బైకు మీద జగిత్యాల పోయాడు. అక్కడొకాయన పైపులు వేడి చేయకుండా మిషన్ మీద వంచుతాడు. వంచిన పైపులు వెనక కట్టుకుని వస్తుంటే ఒక ఊరి దగ్గర రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు పెట్టి జనం కూర్చున్నారట.

"ఏడికి వోతున్నవ్ తమ్మీ? బందని తెల్వదా?" అని అడిగారట.

"కోరుట్లకే అన్నా. కారు పైపులివి."

"తెలంగాణ కోసం అందరం రోడ్డు మీదుంటె నీకు కారు పనా?"

వాడు బైకు దిగి వాళ్ల పక్కనే కూర్చున్నాడు. పొద్దు వాలేదాకా నినాదాలిచ్చి, వాళ్లు పెట్టిన పులిహోర తిని, గొంతు పోయి ఇంటికొచ్చాడు. కోపం లేదు. "ఆల్లు అన్నది తప్పేం గాదు గదక్కా," అన్నాడు.

అప్పటికి అసలు కష్టం మొదలైంది. బొగ్గుబావుల్లోనూ పని ఆగిపోవడంతో కరెంటు కోతలు పెరిగాయి. ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేకపోయేవారు. వచ్చినా వోల్టేజీ ఉండేది కాదు. తమ్ముడు కిరాయికి తెచ్చిన వెల్డింగ్ మిషన్ మూలిగేది. రాడు ఇనుముకు అంటుకుపోయేది. దాన్ని ఊడబెరికేలోపు కరెంటు పోయేది. జనరేటర్ కోసం మా ఆయన బజారంతా అడిగాడు. ఉన్నవన్నీ టెంట్ల దగ్గర మైకులకు పోయాయి. ఒకటి నేను కూర్చునే టెంటు వెనకే నడిచేది.

ఒకరోజు ఆ మైకులో ఒక పెద్దమనిషి, "బొగ్గు పోకుంటే ఢిల్లీకి మన బాధ తెలుస్తది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నా చేతులు కొడుతున్నాయి గానీ, వాకిట్లో పైపు పట్టుకుని కూర్చున్న తమ్ముడే కళ్లలో మెదిలాడు. ఎవరి దగ్గరికి పోయి ఏమని అడగాలి? మా కరెంటు మాకియ్యమని ఏ నోటితో అడగాలి?

సెలవు మాత్రం కరిగిపోతూనే ఉంది. గడువులోగా షార్జాలో దిగకపోతే వీసా పోతుంది. కారు పూర్తయితే ఆ వీసా పోయినా పర్వాలేదనే ధైర్యంతోనే వాడు వచ్చాడు.

రెండు రోజులు ముసురు పట్టింది. కారు మీద తాటిపత్రి పట్టా కట్టి, దాని కిందే వాడు దారంతో, టేపుతో మూలమూలకూ కొలిచి, పైపులను సరిగ్గా కోసి పెట్టుకున్నాడు. మూడో రోజు మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. ఉన్నట్టుండి కరెంటు వచ్చింది, ఫ్యాన్ జోరుగా తిరిగింది. ఎన్నాళ్లకో నిండు వోల్టేజీ.

"అక్కా, పైపు వట్టుకో!" అని అరిచి కారు కిందికి దూరాడు. నేను కొంగుతో మొహం కప్పుకుని, కళ్లు పక్కకు తిప్పుకుని పైపు పట్టుకున్నాను. వాడు ఒక మూల నుంచి ఇంకో మూలకు పాకుతూ వెల్డింగ్ చేస్తూనే ఉన్నాడు. మళ్లీ కొలిచి చూసుకునే ఓపిక ఆ కరెంటుకు లేదని మా ఇద్దరికీ తెలుసు. ఆఖరి అతుకు పడింది. కాసేపటికే కరెంటు పోయింది. బయటికొచ్చిన వాడి మొహం నిండా మసి, నవ్వు. మా ఆయన మిఠాయి తెస్తానని బజారుకు పోయాడు గానీ దుకాణాలన్నీ బంద్. బెల్లం ముక్కలు తిన్నాం.

మర్నాడు పొద్దున కారును కిందికి దించారు. తమ్ముడు లోపల కూర్చుని డోరు వేసుకోబోయాడు. పడలేదు. గట్టిగా లాగాడు. పడలేదు. అవతలి డోరు పడింది గానీ పైన వేలు పట్టేంత సందు. వాడు దిగి, స్టాండ్లు ఉన్న చోటుకు పోయి వంగి చూశాడు. వెనక ఒక స్టాండు కింది బండ వానకు మట్టిలోకి కుంగి ఉంది. కారు ఒక పక్కకు మెలి తిరిగి ఉన్నప్పుడే పైపులు అతికాయి. ఆ వంకర అట్లాగే బిగుసుకుపోయింది.

"ఇప్పుడెట్లరా?" అన్నాను.

"అన్ని కోసెయ్యాలె. గ్రైండర్ వెట్టాలె. కరెంటు గావాలె," అన్నాడు.

ఆ వారమంతా కరెంటు దీపానికి సరిపడా వచ్చింది, గ్రైండర్‌కు రాలేదు. హాక్‌సా బ్లేడు పట్టుకుని కారు కింద వెల్లకిలా పడుకుని చేత్తో కోయబోయాడు. పైపుకూ రేకుకూ మధ్య చెయ్యి ఆడదు. బ్లేళ్లు విరిగాయి, వేళ్లు తెగాయి. నేను పసుపు పెట్టి గుడ్డ చుడుతుంటే, "నువ్వు టెంటుకు వో అక్కా, గీడ నువ్వేం జేస్తవు," అన్నాడు. నిజమే. నేనేం చేయగలను? పోయి కూర్చున్నాను.

తమ్ముడి సెలవు అయిపోయింది. బస్సులు లేవు కాబట్టి, హైదరాబాద్‌లో వాడు విమానం ఎక్కడానికి జీపు మాట్లాడుకున్నాం. బాపును చూసిపోదామని సిరిసిల్ల మీదుగా పోయాం. కరెంటు లేక సందులో సాంచెల చప్పుడే లేదు. బాపు గడప మీద ఊరికే కూర్చుని ఉన్నాడు.

"నిద్ర వడ్తలేదు బిడ్డా. చప్పుడు లేకుంటె చెవులు గుంజుతున్నయి," అన్నాడు నాతో. తర్వాత తమ్ముడి దిక్కు తిరిగి, "కారు అయిందారా?" అని అడిగాడు.

"అయింది బాపు," అన్నాడు వాడు.

నేను జీపు దిక్కు నడిచాను.

వాడు పోయాక కొన్నాళ్లకు సమ్మె ఆగింది, కరెంటు వచ్చింది. నేను ఊళ్లో ఒక వెల్డర్‌ను పిలిపించాను. ఆయన వంగి చూసి, "ఏది ముందుగాల కోస్తె ఏది కదుల్తదో నాకు తెల్వదమ్మా," అని వెళ్లిపోయాడు. ఫోన్లో చెబితే తమ్ముడు, "నేనొచ్చేదాక ముట్టనియ్యకు," అన్నాడు. కారు వాకిట్లోనే ఉంది. వానలకు సీట్లు బూజు పట్టాయి.

వాడు మళ్లీ వచ్చేసరికి తెలంగాణ వచ్చింది. ఒక్క పూటలో గ్రైండర్‌తో పైపులన్నీ కోసి తీసేశాడు. చివరి పైపు తెగగానే కారు లోపల ఎక్కడో టక్కుమంది. డోరు పడింది. కాసేపు దాన్ని తీసి వేసి చూశాడు. ఆ వారంలోనే కారును మెట్‌పల్లి నుంచి వచ్చిన ఒకాయనకు అమ్మేశాడు.

"ఇగ ఇప్పుడు గీన్నే షెడ్డు ఏసుకోరాదురా? కరెంటుంది, రాష్ట్రం వచ్చింది," అన్నాను.

"ఆడ నన్ను ఫోర్‌మన్ జేసిన్రక్కా," అన్నాడు, నా మొహం చూడకుండా. "పిల్లను గూడ సూస్తున్నరు గదా. ఇప్పుడు ఇడిసిపెట్టి వస్తె ఎట్ల?"

తులసి కుండీని పాత చోటుకు జరుపుతానని లేచాడు. అది ఒక్కడి వల్ల కాదు. నేనూ ఒక పక్క పట్టాను.