నీళ్ళ మీద నడిచిన జీపు

ఆ రోజుల్లో మా వైపు మనుషులకి ఒక జబ్బుండేది. ఇప్పటికీ ఉందనుకోండి, కాకపోతే సెల్‌ఫోన్లు వచ్చాక కాస్త తగ్గింది. ఎదుటి మనిషిని సూటిగా ఒక్క ప్రశ్న అడగాలంటే ప్రాణం మీదికొచ్చేది. "ఏవండీ", "మరేనండీ", "అబ్బే, ఊరికేనండీ" అంటూ చుట్టూ తిరిగి తిరిగి, అడగాల్సింది అడక్కుండానే కాఫీ తాగి లేచొచ్చేసేవాళ్ళం. ఆ జబ్బు నాకు బాగా ముదిరింది ఇరవయ్యారో ఏట. ఏలూరులో చేపల మేత అమ్మే కంపెనీలో కొత్తగా చేరాను. మోపెడ్ మీద చెరువు గట్లన్నీ తిరిగే ఉద్యోగం. ఆ గట్ల మీద తవుడు బస్తాలు మోసుకుంటూ బురదలో ఈదుకుంటూ వెళ్ళే పాత జీపుల్ని చూసి చూసి, నాకూ ఒకటి ఉండాలనే పిచ్చి పట్టుకుంది. కొత్తది కాదు, బాగా పాతది. పాతది కొని, తోమి, రంగులేసి, దాన్ని మళ్ళీ మనిషిని చెయ్యాలని. (మనిషిని చెయ్యడమేమిటని మా అమ్మ అడిగేది.)

తాడేపల్లిగూడెంలో, యుద్ధం రోజుల్లో విమానాలు దిగిన పాత రన్‌వే దగ్గర్లో, ఒక రైతు గారి పశువుల కొట్టంలో యుద్ధం నాటి జీపు ఉందని తెలిసింది. కబురు పెట్టి ఆదివారం పొద్దున్నే వెళ్ళి వాలాను. ఆయన్ని ఊరంతా బాబాయిగారు అంటున్నారు కాబట్టి నేనూ అలాగే అన్నాను. జీపుని చూస్తే కళ్ళు చెదిరాయి. నేనొస్తున్నానని కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బానెట్ మీద ఈ చివర నుంచి ఆ చివరకి బంతిపూల దండ కట్టారు. ఆ దండ తెంపకుండా బానెట్ ఎత్తడం కుదరదు. సరే, కాసేపయ్యాక అడుగుదాం అనుకున్నాను. ఈలోగా భోజనానికి లేవమన్నారు. పిన్నిగారు కొరమీను పులుసు కొసరి కొసరి వడ్డించారు. అంత పులుసు తిన్నాక, వెనక్కెళ్ళి "ఏదీ, బానెట్ ఎత్తండి చూద్దాం" అంటే ఏం మర్యాదగా ఉంటుంది చెప్పండి? సీట్లో కూర్చున్నాను, స్టీరింగు తిప్పాను, హారన్ బుడ్డి నొక్కాను. అది బాతులా అరిచింది. అంతే, రెండేళ్ళు దాచుకున్న జీతం ఆయన చేతిలో పెట్టేశాను. "ఇలాంటిదాన్ని రోడ్డు మీద నడుపుకుంటూ వెళ్ళకూడదండీ, దిష్టి తగులుద్ది. ట్రాక్టరు ట్రక్కు మీద ఎక్కించి పంపిస్తానండి" అన్నారాయన. ఎంత గౌరవం చూశారా అని మురిసిపోయాను.

ఏలూరులో మా బావ మెకానిక్కు. మేనత్త కొడుకు, నోటికి బ్రేకుల్లేని మనిషి. జీపు దిగగానే దండ తెంపి బానెట్ ఎత్తి, లోపలికి తొంగి చూశాడు.

"ఒరేయ్ బామ్మర్దీ, ఇందులో ఇంజను లేదు గానీ రెండు కోడిగుడ్లున్నాయిరా" అన్నాడు.

నిజమే. ఇంజను ఉండాల్సిన చోట గడ్డి, గడ్డిలో రెండు గుడ్లు. పరుగెత్తి బాబాయిగారికి ఫోన్ చేశాను. ఆయన నాకంటే ఎక్కువ నొచ్చుకున్నారు. "అయ్యో, మీకు తెలుసనుకున్నానండీ! మీరు అడగలేదు కదండీ మరి. అడక్కుండా నేనే చెబితే, ఇష్టం లేక బేరం చెడగొడుతున్నానని మీరు బాధపడతారేమోనని ఊరుకున్నానండీ. ఇంజను ఎప్పుడో కొల్లేట్లో పడవ నడిపే ఒక సరంగుకి ఇచ్చేశామండి, పడవకి బిగించుకుంటానంటేనూ." ఆయన మోసం చెయ్యలేదు. నేనూ మోసపోలేదు. ఇద్దరం మర్యాదగా ఉన్నాం, అంతే.

ఇంజను లేదని తెలిసిన ఆ వారమే నాకు పెళ్ళిచూపులు. అమ్మాయిది కొల్లేట్లో ఒక లంక ఊరు. రోడ్డు లేదు, గట్టు దాకా బస్సు, అక్కణ్ణించి ఇంజను పడవ. అమ్మా, బావా, నేనూ ఆ పడవ మోతకి చెవులు మూసుకుని వెళ్ళి దిగాం. కాబోయే మావగారు చేపల చెరువుల మనిషి. తక్కువ మాట్లాడతారు, ఆడిన మాట దాటరు, దాటినవాణ్ణి గడప తొక్కనివ్వరని సంబంధం తెచ్చినవాళ్ళు ముందే చెప్పారు. అమ్మాయి తలొంచుకుని కూర్చుంది. నాకు చూడగానే నచ్చింది. నచ్చడమంటే మామూలుగా కాదు, ఈ పిల్ల కాదంటే ఎలారా భగవంతుడా అని అప్పుడే దిగులు పట్టుకుంది. "అబ్బాయిగారికి బండేమన్నా ఉందాండీ?" అన్నారు మావగారు. మోపెడ్ అని చెప్పబోతుంటే బావ అడ్డుపడి, "జీపుందండీ మావాడికి, యుద్ధంలో తిరిగిన జీపు!" అనేశాడు.

అప్పుడు అమ్మాయి తలెత్తింది. నా కళ్ళలోకి చూసి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. (మా వైపు పుట్టి అంత సూటిగా అడిగిన మనిషిని నేనప్పటిదాకా చూడలేదు.)

"అది నడుస్తుందాండీ?"

"బ్రహ్మాండంగా నడుస్తుందండీ" అన్నాను.

మావగారి మొహం విప్పారింది. "అయితే శ్రావణంలో ముహూర్తం పెట్టిస్తానండి. తమరు ఆ జీపులోనే మా గుమ్మంలో దిగాలి. మా లంకలో ఇంతవరకూ జీపు దిగలేదు. పంటు పడవ మీద ఎక్కిస్తే రేవుకొచ్చేస్తుంది, రేవు నుంచి ఇంటిదాకా అదే నడుస్తుంది" అన్నారు. అమ్మ సంతోషంగా తలూపింది. నేను కాఫీ గ్లాసు తాగకుండానే కింద పెట్టేశాను.

తిరుగు పడవలో నేను తల పట్టుకుని కూర్చుంటే, బావ మాత్రం చెవి ఒగ్గి ఆ మోత వింటున్నాడు. లేచి వెళ్ళి ఇంజను మీద కప్పిన గోనెపట్టా ఎత్తి చూశాడు. వెనక్కొచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. "ఒరేయ్, నువ్వు నీ ఇంజను మీదే పెళ్ళిచూపులకి వెళ్ళొచ్చావురా!"

ఆ ఇంజను అడగడానికి మూడు శనివారాలు వరసగా ఆ పడవెక్కాను. సరంగు గారు పెద్ద వయసు మనిషి, మెడలో ఎర్ర తువ్వాలు. ఎక్కిన ప్రతిసారీ వానల గురించి, చేప రేటు గురించి మాట్లాడి దిగిపోయాను. మూడో వారం ఆయనే జాలిపడ్డారు. "ఇంజను కోసమే కదండీ తమరు తిరుగుతుంట? ఇచ్చేద్దును గానీ, ఇదాగితే పిల్లలంతా బడి మానేస్తారండి. పెట్రోలు మీద లేపి కిరసనాయిలు మీద నెట్టుకొస్తన్నా, ఇన్నేళ్ళలో ఒక్క రోజు ఆగలేదండి."

ఇంకేమడుగుతాను? పడవలో నా చుట్టూ పుస్తకాల సంచులతో పిల్లలున్నారు. దిగిపోబోతుంటే ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, "శ్రావణంలో అన్నారు కదండీ ముహూర్తం? శ్రావణానికి నీళ్ళు మీ మావగారి అరుగు దాకా వచ్చేత్తాయండి. జీపుని పంటు మీంచి దింపే పనే ఉండదు" అన్నారు.

పెళ్ళి రోజున ముదురాకుపచ్చ రంగేసిన నా జీపుని ట్రాక్టరుతో గట్టు దాకా లాక్కొచ్చి, రెండు పడవలు కలిపి పలకలు పరిచిన పంటు మీదికి తోశాం. పక్కన సరంగు గారి పడవ కట్టారు. నేను బాసికం కట్టుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నాను. "తమరు స్టీరింగు ఊరికే అటూ ఇటూ తిప్పుతా ఉండండి, చూడ్డానికి బావుంటుంది" అని సలహా ఇచ్చి ఆయన ఇంజను లేపారు. కొల్లేటి మీద కొంగలు లేచిపోయాయి. బావ హారన్ బుడ్డి నొక్కుతూనే ఉన్నాడు. నేను చెమటలు కక్కుతూ స్టీరింగు తిప్పుతున్నాను, నీళ్ళలో మలుపు లేని చోట కూడా. లంక జనమంతా మోకాలి లోతు నీళ్ళలో నిలబడి చప్పట్లు కొట్టారు. జీపు సరిగ్గా మావగారి అరుగుకి ఆనింది. నేను కాలు తడవకుండా గుమ్మంలో దిగాను. మావగారు బానెట్ వంక చూసి, "మాట నిలబెట్టుకున్నారండీ" అన్నారు. ఆ మాటకి సిగ్గుతో చచ్చిపోయాను.

పాతికేళ్ళు దాటాయి. జీపుకి వేరే ఇంజను వేశాను, తీశాను, ఇంకోటి వేశాను. ఇంటి వెనక షెడ్డు నిండా పాత హెడ్‌లైట్లు, మీటర్లు, తుప్పు పట్టిన పెట్రోలు డబ్బాలు, నాలుగు హారన్ బుడ్డీలు. (అంట్లు పెట్టుకోవడానికి చోటు లేదు గానీ హారన్లకుందని మా ఆవిడ.) లంకకి వంతెన పడి పడవ ఆగిపోయాక, సరంగు గారు పోతూ పోతూ చెప్పారట, ఆ ఇంజను ఏలూరు అల్లుడుగారికి చేర్చమని. పోయిన నెలలో ఆయన కొడుకు ఆటోలో తెచ్చి దింపాడు. నేను దాని పక్కనే నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. బావా నేనూ నాలుగు ఆదివారాలు కష్టపడి బిగించాం. పాతికేళ్ళలో మొదటిసారి జీపూ, దాని ఇంజనూ ఒక్కచోట కలిశాయి.

హ్యాండిల్ పెట్టి తిప్పబోతుంటే మా ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. "అది నడుస్తుందాండీ?"

"తెలీదే" అన్నాను. అన్నాక, పాతికేళ్ళుగా నోట్లో నానుతున్న మాట బయటపెట్టాను. ఆ రోజు నీతో అబద్ధం చెప్పాను, అప్పటికి దీనికి ఇంజను లేదు అని.

"ఆ మాత్రం తెలీదా? నేను మూడేళ్ళు ఆ పడవ మీదేగా ఆకివీడు కాలేజీకెళ్ళాను. ఇది గూడెం బాబాయిగారి యుద్ధం జీపుదమ్మా అని సరంగు తాత రోజూ చెప్పేవాడు. యుద్ధంలో తిరిగిన జీపు అని మీ బావగారు అనగానే అర్థమైపోయింది."

"తెలిసి కూడా మరి ఎందుకు ఒప్పుకున్నావే?"

"బ్రహ్మాండంగా నడుస్తుందండీ అన్నప్పుడు మీ చెవులు రెండూ ఎర్రగా కందిపోయాయి. అబద్ధమాడ్డం చేతకాని మనిషి, ఈయనతో భయం లేదనుకున్నా" అని, చీర కుచ్చెళ్ళు పట్టుకుని జీపెక్కి పక్క సీట్లో సర్దుకు కూర్చుంది. "ఊఁ, తిప్పండి."

నేను హ్యాండిల్ పట్టుకున్నాను. పట్టుకునే ముందు ఒకసారి చెవులు తడుముకున్నాను. వేడిగానే ఉన్నాయి.