నంద్యాల మ్యాట్నీలో శాంతిమంత్రం

మొన్న పూజ అలమర సర్దుతుంటే పచ్చకర్పూరం డబ్బా మూత ఊడి, చల్లగా, కాస్త చేదుగా ఉండే ఆ వాసన గదంతా పరుచుకుంది. ఆళ్లగడ్డలో మా తాత ఇల్లు తెల్లవారుజామున అలాగే ఉండేది. తీర్థంలో నలిపిన పచ్చకర్పూరం, తులసి, ఆరేసిన తడి పంచెలు, వంటింట్లో పులిహోర పోపులో వేసిన ఇంగువ, అన్నీ కలిసి నడవాలోకి వచ్చేవి. ఆ వాసనల మధ్య తాత, ఆయన తమ్ముడైన మా చిన్నతాత ఎదురెదురుగా కూర్చుని, ఒకరి ఊపిరి ఆగేచోట ఇంకొకరు అందుకుంటూ వేదం చెప్పుకునేవాళ్లు.

ఫాల్గుణంలో అహోబిలం ఉత్సవాలకు ఇల్లంతా కదిలేది. మేం పిల్లలం మోదుగుపూలు ఏరుకొచ్చి నానబెట్టి, ఆ నారింజరంగు నీళ్లు ఒకరిమీద ఒకరం చల్లుకుంటూ తిరిగేవాళ్లం. ఒక ఏడాది ఆ ఉత్సవాలకు ఒక తెల్లాయన టేపురికార్డరు మోసుకొచ్చి, మండపంలో అన్నదమ్ములిద్దరి చేత విడివిడిగా శాంతిమంత్రం చెప్పించుకున్నాడు. వెనక్కి తిప్పి వినిపిస్తే చిన్నతాత చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"ఏందన్నా, నేనింత గట్టిగా అరుస్తానా?"

తెల్లాయన టేపు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ వానాకాలంలోనే విషజ్వరం వచ్చి చిన్నతాత పోయాడు. ఆయనకు పిల్లలు లేరు, ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదు. ఆ తర్వాత తాత ఒంటరిగా వేదానికి కూర్చున్నప్పుడల్లా, చిన్నతాత భార్య, మా చిన్నవ్వ, పెరట్లోకి వెళ్లి తోమిన గిన్నెలే మళ్లీ తోముతూ ఉండేది.

కొన్నేళ్ల తర్వాత ఒక ఆదివారం, నంద్యాలలో ఉద్యోగం చేసే మా చిన్నాన్న ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుంటూ తాతతో అన్నాడు.

"నాయనా, ఆడ ఒక ఇంగ్లీషు సినిమా ఆడతాంది. దాంట్లో మన శాంతిమంత్రం వస్తాంది. ఆ గొంతు చిన్నాయనదే అనిపిస్తాంది."

తాత చేతిలో ముద్ద ఆగిపోయింది. "సినిమాలోనా? చెప్పులేసుకోని, బీడీలు తాగతా ఇంటాండారా దాన్ని?" అని విస్తరి ముందునుంచి లేచిపోయాడు. అప్పుడు, బావగారి ఎదుట ఏనాడూ నిలబడి మాట్లాడని చిన్నవ్వ తలుపు చాటునుంచి ఇవతలికొచ్చింది.

"నేను పోతా బావగారూ. ఒక్కసారి ఇనొస్తా."

తాత చెయ్యి కడుక్కుని వచ్చాడు. "సరేమ్మా. నేనూ వస్తా" అన్నాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నపు ఎండలో, బస్సు కిటికీల్లోంచి కొట్టే వేడిగాలికి కొంగు కప్పుకుని చిన్నవ్వ, పెదవి కదపని తాత, ఆమె చెయ్యి వదలనందుకు వెంట తీసుకెళ్లిన నేను, నంద్యాల చేరాం. చిన్నాన్న టికెట్లు తెచ్చాడు. బీడీ పొగ, వేయించిన బఠానీలు, చెమట కలిసిన ఆ చీకటిలోకి తాత గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి వట్టికాళ్లతో నడిచాడు. సినిమాలో ఒక్క మాటా మాకు అర్థం కాలేదు. కార్లు తరుముకున్నాయి, తుపాకులు పేలాయి. తర్వాత నీలం దీపాల గదిలో సీసాల మధ్య ఆడవాళ్లు నాట్యమాడుతుండగా ఒక మనిషికి గుండు తగిలి మెల్లగా ఒరిగిపోతుంటే, ఆ గోలంతా అణిగి, ఎక్కడో లోతునుంచి మంత్రం వచ్చింది.

ముందు బెంచీలవాళ్లు ఈలలు వేస్తూనే ఉన్నారు. తాత చేతులు జోడించి లేచి నిలబడ్డాడు.

"కూచోప్పా పెద్దాయనా, బొమ్మ కనపడల్యా!" అని వెనకనుంచి అరిచారు. మంత్రం అయ్యేదాకా ఆయన కూర్చోలేదు. చిన్నవ్వ కళ్లు మూసుకుని ఉంది. చెంపలమీద కారుతున్నది తుడుచుకోలేదు.

సినిమా వదిలాక బస్టాండులో ఆమె అడిగింది. "బావగారూ, ఆయనే కదా?"

తాత బస్సు వచ్చే దారివైపు తిరిగాడు. ఆళ్లగడ్డ బస్సు వచ్చి ఆగింది.

"వాడేనమ్మా. మా తమ్ముడే" అని ముందు ఎక్కేశాడు.

మర్నాడు పొద్దున్నే అహోబిలం వెళ్లి, భవనాశి ఏట్లో మునిగి, తడిబట్టలతోనే ఇంటికొచ్చాడు తాత. నేను వంటింటి గడపలో అనపకాయలు ఒలుస్తున్నాను. మా అవ్వతో మెల్లగా అంటున్నాడు.

"అది వాని గొంతు కాదే. స్వరం యాడబడితే ఆడ తప్పతాంది. వాడెప్పుడన్నా తప్పినాడా? ఈ నోటితో అబద్ధం చెప్పినా."

అవ్వ మజ్జిగ చిలకడం ఆపలేదు. "చెప్తే చెప్పినారు లే. మీ మరదలు నిన్న కడుపునిండా తినింది" అంది.

ఆనాటినుంచి చిన్నవ్వ పెరట్లోకి పోవడం మానేసి, తాత వేదం చెప్పేటప్పుడు నడవాలో స్తంభానికి ఆనుకుని కూర్చునేది. ఇరుగుపొరుగు వస్తే, "దేశాలన్నీ ఇంటాండాయమ్మా ఆయన గొంతు" అని చెప్పుకునేది. మా ఇంట్లో ఎవరూ కాదనలేదు.

ఆ సినిమా హాలు కూలగొట్టి కల్యాణమండపం కట్టారు. తాత, అవ్వ, చిన్నవ్వ, ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. ఆ నడవాలో ఎదురెదురుగా కూర్చునేవాళ్లు లేరు, ఆ టేపు ఏ దేశంలో ఏ పెట్టెలో ఉందో తెలియదు. ఇప్పుడైతే మన మంత్రాలు వాళ్ల సినిమాల్లో హత్యలకీ, దయ్యాలకీ, సబ్బుల ప్రకటనలకీ కూడా వస్తున్నాయి. మా పిల్లలు తలెత్తి చూడరు. నేను మాత్రం చేతిలో పని పక్కనపెట్టి, అది అయిపోయేదాకా వింటాను. ఆ గొంతు ఎవరింటి మనిషిదో, వాళ్లింట్లో ఎవరి చెవినైనా పడిందో లేదో.